మూసిన కవరులో జవాబు

యువత లైంగిక ఆరోగ్యంపై, అంటే గర్భనిరోధం, సుఖవ్యాధులు, పరస్పర సమ్మతి వంటి విషయాలపై జరిగే పరిశోధనలో ఏం అడిగారన్నదాని కంటే ఎవరు, ఎంత చాటున అడిగారన్నదే ముఖ్యం.

2006–07లో ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, పాపులేషన్ కౌన్సిల్ కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో యువజన సర్వే జరిపినప్పుడు, ఎదుటపడి నోరు విప్పలేనివారు జవాబును కార్డుపై గుర్తుపెట్టి, కవరులో మూసి ఇచ్చే ఏర్పాటు చేశారు.
ఆ కవరు యువతకు ఇచ్చిన గౌరవం చాలా పెద్దది.

కర్ణాటక సరిహద్దున, తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ వినిపించే జహీరాబాద్ ప్రాంతపు న్యాల్‌కల్ వంటి మండలంలో ఇలాంటి ప్రశ్నలు అడిగే పనికి వైద్య విద్యార్థులు బాగా సరిపోతారు. వయసులో దగ్గరివారు కావడమే కాక, కుటుంబ దత్తత కార్యక్రమం, అంటే ప్రతి విద్యార్థీ కొన్ని గ్రామీణ కుటుంబాల ఆరోగ్యాన్ని గమనించే పద్ధతి, వారిని ఇళ్లలోకి తీసుకెళ్తుంది.

అయితే పరిచయం ఉన్న ఇంట్లోనే గుట్టు కాపాడటం మరింత కష్టం.
18 ఏళ్లలోపు వారిని అడగాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతితో పాటు ఆ పిల్లల సొంత అంగీకారమూ కావాలి. పైగా 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే అధికారులకు చెప్పి తీరాలి కనుక, గోప్యతకు గల ఈ హద్దును ప్రశ్నకు ముందే చెప్పడం విద్యార్థి ధర్మం.

జహీరాబాద్ ప్రాంతపు ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, వైద్య విద్యార్థులు ఏమంటారు?
పిల్లలు ఎవరితో మాట్లాడగలుగుతున్నారు?