చెవుల నట్టు – రాగి సుత్తి – నా చెంప మీద గాటు

మన సినిమా హీరో కారెక్కుతాడు, కారు దిగుతాడు, కారుకి ఆనుకుని పాట పాడతాడు. ఆ కారు పంక్చరైతే ఏం చేస్తాడో ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఎందుకంటే ఆ పని హీరోది కాదు. ఆ పని చేసే మనిషి దగ్గర నేను ఓ పూట పాఠం చెప్పించుకున్నాను. ఫీజు కింద చెంప మీద చిన్న గాటు, దాంతోపాటు బోలెడంత పరువు చెల్లించుకున్నాను. ఆ కథే ఇది.

విజయనగరం పరిసరాల్లో ఓ సినిమా షూటింగు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో జరిగే కథ. వార్త రాయటానికి వెళ్లాను. విలేకరికి కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, హీరోతో అయిదు నిమిషాలు మాట్లాడిస్తామని చెప్పి సాయంత్రం దాకా కూర్చోబెడతారు. నాకా బాధ లేకపోయింది. నా కళ్లు హీరో మీద లేవు, ఆయన నడపబోయే కారు మీద ఉన్నాయి.

అది ఎంజీ టీసీ. 1945 నుంచి 1949 దాకా ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల బండి. పొడుగాటి ముక్కు, సైకిలు చక్రాల్లా సన్నటి స్పోకులున్న 19 అంగుళాల చక్రాలు. మన అంబాసిడర్‌కీ ఫియట్‌కీ ఉన్నట్టు ఈ చక్రానికి నాలుగైదు నట్లు ఉండవు. నడిమధ్యన రెండు చెవులున్న పెద్ద నట్టు ఒక్కటే. దొరలు దాన్ని నాకాఫ్ స్పిన్నర్ అంటారు. ఆ చెవి మీద సుత్తితో కొడితే ఊడుతుంది, సుత్తితో కొడితేనే బిగుస్తుంది. రేసుల్లో చక్రాలు గబగబా మార్చటానికి బ్రహ్మాండంగా పనికొచ్చిన ఏర్పాటు.

ఇదేదో మీకు తెలియని వస్తువనుకోకండి. 1964లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డ్‌ఫింగర్’ చూశారు కదా! అందులో ఆస్టన్ మార్టిన్ చక్రం మధ్యలోంచి ఓ కత్తి తిరుగుతూ బయటికొచ్చి, పక్కన పోతున్న అమ్మాయి మస్టాంగ్ కారు టైర్లు చీల్చేస్తుంది. ఆ కత్తి బయటికొచ్చేది ఈ చెవుల నట్టు దగ్గర్నుంచే! అంతకు ముందు 1959లో ‘బెన్‌హర్’ రథాల పందెంలో విలన్ మెస్సాలా రథచక్రాలకు ముళ్లుండటం గుర్తుందిగా? సినిమా వాళ్లకు చక్రం మధ్యభాగం అంటే మొదట్నుంచీ సరదాయే.

సరే, మన కథకొద్దాం. రామతీర్థం కొండల దగ్గర షాటు. హీరో హీరోయిన్లిద్దరూ పల్లంలో ఝామ్మని కారులో దిగాలి. కారును విజయనగరం నుంచి అక్కడికి నడుపుకెళ్లేది మేస్త్రిగారు. ఆమదాలవలస మనిషి, అరవై దాటినవాడు. బతిమాలి పక్క సీటు సంపాదించాను. నెల్లిమర్ల దాటి కొంత దూరం పోయామో లేదో, వెనక ఎడమ చక్రం బుస్సుమంది.

వెనకాల వ్యానులో ప్రొడక్షన్ మేనేజరు. దిగకుండానే, “లైటు పోతోందండీ, తొందరగా కానివ్వండి” అని కేకలు. చక్రాలకు అడ్డం పెట్టటానికి మేస్త్రిగారు రాళ్లు వెతుక్కుంటూ గట్టు దిగాడు. ఈలోగా నాలోని హీరో మేల్కొన్నాడు. డిగ్రీ చదివినవాణ్ణి, ఒక్క నట్టు ఊడదీయలేనా? దగ్గర్లో ఉన్న లారీ టైర్ల షాపులో ఇనప సమ్మెట అడిగి తెచ్చాను. “ఎడమ పక్క చక్రానికి ఎడమ మర సార్, రివర్సులో తిప్పండి” అని షాపు కుర్రాడు సలహా కూడా ఇచ్చాడు. పాత లారీలు కొన్నిటికి అది నిజమే. నేను నమ్మి ఒకటి వేశాను. రెండు వేశాను. మూడో దెబ్బకి టంగుమని మోగి ఏదో వచ్చి చెంపకి తగిలింది. చూసుకుంటే రక్తం. కంటికి అంగుళం కింద!

మేస్త్రిగారు పరుగెత్తుకొచ్చాడు.

“ఓలమ్మో! ఏటి బాబూ, ఏటి సేసీసినావు? కన్ను పోతే ఎవుడు తెచ్చి పెడతాడు?”

ముందు నా చెంప కడిగాడు. తరవాత నట్టు చూశాడు. ఓ చెవి అంచు విరిగింది. పైగా నేను కొట్టింది బిగించే వైపు!

“లారీ లెక్క దీనికి కాదు బాబూ. దీంది తిరకాసు. ఎడం పక్క మామూలు మర, కుడి పక్క ఎడం మర. అదంతా గుర్తెట్టుకోనక్కర్నేదు. పై చెవిని బండి ముందుకి కొడితే ఊడుద్ది, యెనక్కి కొడితే బిగుసుద్ది. ఏ పక్కైనా అంతే.”

ఇంత తేలికైన సూత్రం నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. చక్రం ముందుకు దొర్లే దిశలో తిప్పితే వదులు, ఎదురు దిశలో తిప్పితే బిగువు. కారు ముందుకు పోతున్నంతసేపూ నట్టు బిగువు వైపే ఒరిగేటట్టు మరలు అలా కోశారు. చాలా నట్ల మీద ఊడదీసే వైపుకి బాణం గుర్తు కూడా ఉంటుంది. నేను చూడలేదు, అంతే.

మేస్త్రిగారు సీటు కిందనుంచి తన సుత్తి తీశాడు. ఓ మొహం రాగి, ఇంకో మొహం పచ్చితోలు. ఇనుము మీద ఇనుము కొడితే పెచ్చులెగురుతాయి, మెత్తటి రాగి దెబ్బని తనే భరిస్తుంది. సుత్తి వద్దనుకునేవాళ్లకి, నట్టు చెవులు ఇమిడే చెక్క పానా తగిలించి దాన్ని కొట్టే పద్ధతి కూడా ఉందిట. ఏది వాడినా కళ్లజోడు పెట్టుకోవాలని నా చెంప సాక్షిగా చెబుతున్నాను.

ఆయన వరస చూడండి. హ్యాండు బ్రేకు వేశాడు, మిగతా చక్రాలకు రాళ్లు పెట్టాడు. చక్రం నేల మీద ఉండగానే పై చెవిని ముందుకు కొట్టి నట్టు కాస్త వదులు చేశాడు. ఆ తరవాతే జాకీ ఎత్తాడు. జాకీ మీద ఊగుతున్న కారుని ఎవరూ బాదకూడదు కదా! నట్టు చేత్తో తిప్పి తీసి, చక్రం లాగి, లోపల పళ్లు గుడ్డతో తుడిచాడు. వేలితో తడిమి అరుగుదల చూశాడు. పళ్లు అరిగితే రివర్సు నుంచి ముందుకు వెళ్లేటప్పుడు టక్కుమంటుందిట. ఆ జబ్బుకి నట్టు ఎంత బిగించినా మందు కాదు, చక్రమో హబ్బో మార్చాల్సిందే. పళ్లకీ మరకీ పల్చగా గ్రీజు రాసి, స్టెప్నీ లోపలికంటా నెట్టి, నట్టు చేత్తో బిగించి, గాలిలో ఉండగానే చిన్నగా నాలుగు దెబ్బలు వేశాడు. చక్రం తిన్నగా కూర్చుంది. జాకీ దించాక అసలు దెబ్బలు, పై చెవి మీద, వెనక్కి.

“మోత ఇను. డబ్ డబ్ అన్నంతసేపూ కొట్టు. టంగ్ అందా, సాలు. మరీ బాదితే మర పాడైపోద్ది.”

ఘంటసాల సంగీతం చదువుకున్న ఊరి పక్క కదా, సుత్తి దెబ్బకి కూడా శ్రుతి చూస్తారన్నమాట!

మేనేజరు మళ్లీ హారను కొట్టాడు. బయల్దేరాం. నాలుగు కిలోమీటర్లు పోయాక మేస్త్రిగారు బండి పక్కకి ఆపేశాడు.

“మళ్లీ ఏమిటయ్యా?” అని మేనేజరు విరుచుకుపడ్డాడు.

మేస్త్రిగారు పలకలేదు. సుత్తి తీసి అదే చెవి మీద కొట్టాడు. డబ్ మంది. నా కళ్ల ముందే నట్టు అర అంగుళం కదిలింది!

“సూసినారా? సక్రం ఇప్పుడు సర్దుకుంది. ఇలగే ఒగ్గీసి పల్లంలోకి దించితే, ఆ పిల్లలిద్దరి గతేటి?”

మేనేజరు నోరు మూతపడింది. హీరోయిన్ విశాఖపట్నం పిల్ల, ఆమెకది రెండో సినిమా. మేస్త్రిగారు ఇంకో రెండు దెబ్బలు వేసి, టంగుమన్నాకే తాళం చేతికిచ్చాడు.

టీ తాగుతూ, ఆ పట్టింపు ఎందుకో చెప్పాడు. ఆయన కుర్రతనంలో ఓ కారుకి రిపేరు చేసి, ముందు హబ్బులు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించేశారట. నట్లు చక్కగానే పట్టాయి, బాగానే బిగిశాయి. కానీ బండి ముందుకు పోయినకొద్దీ వదులవుతూ వచ్చాయి. చివరికి ఓ చక్రం కారుని దాటి ముందు పోయిందట. ఎదురుగా సైకిలు మీద వస్తున్న మనిషి కాలు విరిగింది. “అప్పుటినుంచి పాత బండి ఏది ముట్టుకున్నా ముందు మర ఏ పక్కదో సూత్తాను” అన్నాడు.

చెవుల వల్ల ఇంకో ప్రమాదమూ ఉంది. అవి బయటికి పొడుచుకుని ఉంటాయి, పాదచారులకు తగలొచ్చు. అందుకే అమెరికాలో 1968 జనవరి 1 నుంచి రెక్కల నట్లు నిషేధించారు. కంపెనీలు చెవులు తీసేసి, పానాతో తిప్పే ఎనిమిది పలకల నట్లు పెట్టాయి. ఆ నిబంధనను 1996లో ఎత్తేశారు.

సినిమా విడుదలయ్యాక టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాను. ఆ పల్లం షాటు తెర మీద ఎనిమిది సెకన్లు. హాల్లో అందరూ హీరో క్రాఫూ, హీరోయిన్ పైటా చూస్తున్నారు. నేను మాత్రం వెనక ఎడమ చక్రాన్ని చూస్తూ ఊపిరి బిగబట్టాను. అంచు విరిగిన చెవి ఒక్కసారి తళుక్కుమని తిరిగింది. టైటిల్స్‌లో మేస్త్రిగారి పేరు లేదు. ఈసారి మీ సినిమాలో పాత కారు కనిపిస్తే, హీరోని చూశాక, ఓసారి చక్రం మధ్యలోకి కూడా చూడండి.