ఛత్తా బజార్‌లో శుభలేఖ

మా అన్న కూతురు తన పెళ్లికార్డు తనే ఫోన్లో చేసుకుంది. ఏమేం కావాలో నాలుగు ముక్కలు రాస్తే నిమిషంలో ఏఐ గీసిచ్చిందట. "అచ్చు వేయించడమే మిగిలింది బాబాయ్" అని వాట్సాప్‌లో పంపింది. ఆ మాట నమ్మి, హైదరాబాద్ పాతబస్తీలో నయాపూల్ దాటి ఛత్తా బజార్ చేరాను.

ఎటు చూసినా కార్డుల దుకాణాలే. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్, కొన్నిటి మీద మూడూ. నేను వెళ్లిన ప్రెస్సులో కంప్యూటర్ ముందున్నాయన నల్గొండ వైపు మనిషి. బొమ్మ చూసి, "మస్తుగుంది సార్" అన్నాడు. తర్వాత పెద్దది చేసి, "ఇగ చూడుండ్రి" అన్నాడు.

పెళ్లికొడుక్కి షేర్వానీ. పెళ్లికూతురి నుదుట బాసికం లేదు. నాదస్వరం ఊదే ఆయన దాన్ని పిల్లనగ్రోవిలా అడ్డంగా పట్టుకున్నాడు. 'కల్యాణ మహోత్సవం'లో త కింద వేలాడుతున్నది స ఒత్తు కాదు, వానపాములాంటిదేదో. రెండురోజులుగా అదే బొమ్మ చూస్తున్నాను, ఒక్కటీ కంటపడలేదు. తెలిసిన మాట కదా, తప్పుగా ఉన్నా సరిగ్గానే చదివేసుకున్నాను.

కొలత చూశాడు. 1024, 1536 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చేస్తే వెడల్పు మూడున్నర అంగుళాలు కూడా రాదు. అదన్నా ఏదోలా పెంచొచ్చట. అసలు చిక్కు వినాయకుడి దగ్గర. మా అమ్మాయికి ఆయన బంగారు ఫాయిల్‌లో మెరవాలి. తెర మీద మెరుస్తూనే ఉన్నాడు, కానీ అది పసుపు, గోధుమ రంగులు కలిపి వేసిన మెరుపు. ఫాయిల్‌కి లోహపు బ్లాక్ చేయించాలి. బ్లాక్‌కి ఉన్నది నలుపు, లేనిది తెలుపు, మధ్యలో ఇంకో రంగు పనికిరాదు. వేడి బ్లాక్ ఒత్తినచోటే రేకు అంటుకుంటుంది. గీతలు మరీ దగ్గరగా ఉంటే కలిసిపోయి ముద్దవుతాయి. అందుకని డిజైనర్ కోరల్‌డ్రా తెరిచి, తొండం దగ్గర మొదలుపెట్టి వినాయకుణ్ని మళ్లీ గీతల్లో గీస్తున్నాడు. మా అమ్మాయి చేసుకొచ్చిన డిజైన్‌లో చివరికి మిగిలేది తామరపూల అంచేమో.

"డిజైన్ మేమే తెచ్చినం, దానికి పైసలెందుకంటరు సార్. కొత్తది చేసుడు కంటే ఇది సరిజేసుడే ఎక్కువసేపు."

ఏఐ అంటే ఆయనకు కోపమేం లేదు. పూలు, మండపాలు తనూ దాంతోనే వేయించుకుంటాడు. అక్షరాలకు చోటు ఖాళీగా వదిలేయమంటాడు. "అక్షరాలు నేనే పెడ్త." మనం వాట్సాప్‌లో పంపే యూనికోడ్ తెలుగును అచ్చుకు వాడే 'అను' ఫాంట్లలోకి మార్చి, చెదిరిన ఒత్తుల్ని ఒక్కొక్కటీ వెతికి కూర్చోబెడతాడు. డిజైనర్ల పని పోతుందా ఉంటుందా అని మనం వాదించుకుంటున్నాం. ఇక్కడ పని ఉంది, పెరిగింది కూడా. దానికి డిజైన్ అనే పేరూ, ఆ పేరు మీద వచ్చే డబ్బూ పోయాయి.

వెనకబల్ల దగ్గర ఒక కుర్రాడున్నాడు. ఇదివరకు ఇలాంటివాళ్లు ముగ్గురుండేవారట. ఫొటోలో మనిషిని వెనకదృశ్యం నుంచి వెంట్రుక వెంట్రుకా కోసి తీయడమే వాళ్లకు మొదటి చదువు. తర్వాత ఫొటోషాప్‌కే ఏఐ వచ్చింది. ఇప్పుడు ఆ కోతకు ఒక్క నొక్కు చాలు. "పీడ పోయింది సార్. గని నాకు కన్ను వొచ్చింది గా వెంట్రుకలు కోసుడుతోనే. వీనికి ఎట్లొస్తదో."

యజమానికి డెబ్బై దాటాయి. ఆయన తండ్రి కాతిబ్, ఉర్దూ పత్రికలకు కలంతో వరసలు రాసిన మనిషి. 1990లలో ఉర్దూ అక్షరాలు కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక కొందరు కాతిబులు కీబోర్డు ముందు కూర్చున్నారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు. "అక్షరం తెలిసినవాడు కంప్యూటర్ నేర్చాడు. కంప్యూటరే నేర్చినవాడికి అక్షరం ఎవరు నేర్పాలి?" అని కుర్రాడి వైపు చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రానికి ప్రూఫు వచ్చింది. డిజైనర్ దాన్ని ముందు కుర్రాడి చేతికిచ్చి, ఒత్తులతో సహా గట్టిగా చదవమన్నాడు. వాడు 'ముహూర్తం' దగ్గర ఆగి, హ కి దీర్ఘం పడలేదన్నాడు. దిద్దిన ప్రూఫు నా ముందుకొచ్చింది. పెన్ను తీశాను.

"సంతకం పెట్టినంక తప్పుంటే మీదే సార్."

పెన్ను పక్కనపెట్టి, 'శ్రీరస్తు' నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాను.