మత్తడికి కట్టిన జాలి

మా తాత నీరడి. నాయిన కూడా ఆ పనే చేసిండు. చెరువు తూము ఎప్పుడు లేపాలె, వానకాలం రాత్రి కట్టకు ఎక్కడ బుంగ పడ్డది, ఇవన్నీ చూసేది మాదిగోళ్లమే. పారేది మాత్రం మా పొలానికి కాదు. మాకు పొలం ఉంటే గద!

ఇయ్యాల చెప్పేది ఊరి చెరువు గురించి కాదు. మా వాడ పైన ఒక పట్టా కుంట ఉంది. దొరల కాలంల తవ్విచ్చింది, మట్టి కట్ట. తూము ఎన్నడో పూడింది. ఇప్పటి ఓనర్ చేపలు పెంచుతున్నడు. అవి పోకుండా మత్తడికి ఇనుప జాలి కట్టిండు. చెత్తంతా దానికే తట్టుకుంటది. కట్ట మీద తుమ్మలు లేచినయి. "చెట్టు ఎండి వేరు కుళ్లితే అదే నీళ్లకు బాట" అంటడు నాయిన. మట్టి కట్ట మీదికెల్లి నీళ్లు దుంకితే ఇగ ఆగదు, కోసుకుంటనే పోతది.

ఆ జాలి చూస్తే నాకు అమెరికాల జాన్స్‌టౌన్ యాదికొస్తది. ఊరి పైన కొండల్ల సౌత్ ఫోర్క్ అని మట్టి ఆనకట్ట. మా కుంట కంటే చానా పెద్దది. సర్కారు పడవల కాలువ కోసం కట్టింది, తర్వాత ప్రైవేటు చేతుల్ల పడ్డది. నడుమ కొన్న ఒకాయన అడుగున నీళ్లు వదిలే ఐదు ఇనుప పైపులు పీకి తుక్కు కింద అమ్ముకున్నడు. 1879ల పిట్స్‌బర్గ్ ధనవంతులు కొని క్లబ్బు పెట్టిన్రు. కార్నెగీ, ఫ్రిక్ అందుల మెంబర్లు. పైపులు మళ్ల వెయ్యలే. గుర్రపు బండ్లు పోవాలని కట్ట ఎత్తు తగ్గించిన్రు. మత్తడికి చేపల జాలి పెట్టిన్రు. కింద లోయల ఇనుప కార్ఖానా కూలోళ్ల ఇండ్లు. నీళ్లు వదిలే దారి లేదని కార్ఖానా మనిషి 1880లనే చూసి రాసిండు. మీకేం భయం లేదని క్లబ్బు జవాబిచ్చింది. 1889 మే 31న కట్ట తెగింది. 2,209 మంది పోయిన్రు. కోర్టుల్ల క్లబ్బు మీద ఒక్క కేసు గెలవలే. కార్నెగీ తర్వాత ఆ ఊరికి లైబ్రరీ కట్టిచ్చిండు. నేను లైబ్రరీల్ల చదువుకున్నోన్నే, కాదనను.

మన దేశంల 2021ల డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది. 15 మీటర్లు దాటిన కట్టలకు అది వర్తిస్తది, 10 నుంచి 15 దాంక ఉన్నయాటికి ఇంకొన్ని షరతులు. మా కుంట కట్ట మూడు నిలువులు ఉంటది. ఆఫీసుకు పోతే "పట్టా భూమి, మా రిజిస్టర్ల లేదు" అన్నరు.

పోయిన వానకాలం ఒక రాత్రి నీళ్లు కట్ట అంచుకు జానెడు కిందికి వచ్చినయి. డెబ్బయి దాటిన నాయిన కత్తి పట్టుకొని, నడుము లోతు నీళ్లల్ల దిగి జాలి కోసిండు. తెల్లారేసరికి వాడ ఉన్నది. వారం తిరక్కముందే ఆయన మీద చేపల దొంగతనం కేసు పడ్డది.

కేసు నడుస్తనే ఉంది. ఓనర్ కొత్త జాలి కట్టిండు, ఈసారి మందంది.

సోమవారం ప్రజావాణికి పోతున్నం. ముప్పై గడపల సంతకాలు అయినయి. కట్ట ఫోటోలు కింద పెట్టిన, చూడున్రి. రెండో ఫోటోల ఎర్ర రేకులది మా ఇల్లు.