పడటం

49 ఏళ్ల వయసులో స్కేట్‌బోర్డు నేర్చుకుంటున్నానంటే జనగామలో మా స్టాఫ్‌రూమంతా నవ్వింది. నవ్వులయ్యాక ఒకావిడ మాత్రం మెల్లగా అడిగింది: "పడితే?"

ఆ ప్రశ్న నాకు చిన్నప్పటిది. మహబూబాబాద్‌లో, మా నోటికి మానుకోటలో, అన్నయ్య సైకిల్ నేర్చుకున్నప్పుడు వాడి మోకాలి దెబ్బలు ఇంటికొచ్చినవాళ్లకు చూపించేవాళ్లు. నేను ఎక్కింది ఒక్కరోజే. పడ్డాను. అమ్మ పరుగెత్తుకొచ్చి ముందు చూసింది నా మోకాలిని కాదు, వీధిని. తర్వాత నా లంగా కిందికి లాగింది. మళ్లీ సైకిల్ ముట్టుకోలేదు.

పడటం మనకు తెలియనిదేం కాదు. మాట పడతాం, కష్టపడతాం, సిగ్గుపడతాం, భయపడతాం, ఏదీ కుదరకపోతే పడి ఉంటాం. నేలమీద పడటం ఒక్కటే ఎవరూ నేర్పలేదు.

నాకు నేర్పింది చెల్లెలి కూతురు. మొన్న సంక్రాంతికి భూపాలపల్లి వెళ్తే, సింగరేణి క్వార్టర్ల ముందు రోడ్డు మీద ఆ చెక్కతో కనిపించింది. పైన గరుకు కాగితం, కింద నాలుగు బుల్లి చక్రాలు. ఆ చక్రాలకు ఒక్క కంకరరాయి అడ్డొస్తే చాలు, చెక్క ఆగుతుంది, మనం ఆగం. అందుకని రోజూ ముందు చీపురు పట్టేవాళ్లం. (ఆటకైనా ఊడ్చే పని తప్పలేదు.)

"పెద్దమ్మా, ఎక్కుడు తర్వాత. ముందుగాల పడు" అంది. మొదటి రోజంతా గడ్డిలో పడ్డాను. అరచేతులు ఆనించొద్దు, మణికట్టు విరుగుతుంది. మోకాళ్లు వంచి కుంగిపోవాలి, భుజం మీదుగా దొర్లాలి. చెక్క మీద ఇంకో చిక్కు. భయమేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది, వాలగానే చెక్క ముందుకు జారిపోతుంది. ముందుకాలి మీద బరువు మోపితేనే నిలబడతాం. తెలిసినా ఒళ్లు వినడానికి మూడు రోజులు పట్టింది. రాత్రి షిఫ్టు దిగి వస్తున్న ఒకాయన ఆగి "జర పైలం మేడం" అన్నాడు.

మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లె ఉంది. అక్కడ 2015లో స్కేట్‌పార్కు కట్టి, ఆడపిల్లలదే ముందు వంతు అని నియమం పెట్టారు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలో ప్రపంచ పోటీల దాకా వెళ్లింది. పిల్ల ఆ వీడియోలు చూపిస్తుంటే సంతోషమూ, కాస్త అసూయా.

అయినా నా భయం ఆటది కాదు. రెండేళ్ల కింద అమ్మ బాత్రూంలో పడింది. తుంటి విరిగింది. పొద్దున పడి సాయంత్రం దాకా ఎవరినీ పిలవలేదు. ఎందుకమ్మా అంటే, "బట్టలు సక్కగ లేకుండె బిడ్డా" అంది.

తిరుగు ప్రయాణంలో వరంగల్ నుంచి నేరుగా జనగామ రాకుండా రైలెక్కి మానుకోట పోయాను. అమ్మ నా మోచేతి కట్టు చూసింది.

"ఎవలన్న చూసిన్రా?"

"చూసిన్రమ్మా."

"నవ్విన్రా?"

"కొందరు."

కాసేపు మాట్లాడలేదు. "ఎట్ల పడ్డవు?" అంది. కొంగు బిగించి, చాప పరిచి, పడి చూపించాను. అమ్మ వాకర్ పక్కకు జరిపి మంచం మీద ముందుకు వంగింది.

"మల్ల చూపియ్యి."