కణేకల్లు ఇసుకలో గేర్ల సైకిలు

ఎడారి సీనంటే మనకి రాజస్థానే గుర్తొస్తుంది. 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డిగారి తాడిపత్రి ఉన్న మన అనంతపురం జిల్లాలోనే ఇసుక దిబ్బలున్నాయంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు. అందుకే గేర్ల సైకిలేసుకుని రాయదుర్గంలో బయల్దేరాను.

కణేకల్లు దాకా హుషారే. ఆపైన బొమ్మనహాళ్ వైపు బండిబాట పట్టానో లేదో, పల్లేరుకాయలు రెండు ట్యూబులూ తినేశాయి! పంక్చర్లు వేసుకుని లేస్తే ఎదురుగాలి. ఆషాఢం గాలి మరి! వేదవతి (ఇక్కడివాళ్లకి హగరి) ఎండిపోతే ఆ ఏటి ఇసుకని ఎత్తి పొలాల మీద పోసేది ఈ గాలే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే గ్యారంటీ లేని చోట, ఇసుకని పట్టి ఉంచే పచ్చిక ఎక్కణ్ణుంచి వస్తుంది? చక్రం సగం దిగబడింది. నీళ్లసీసా ఖాళీ.

గొర్రెలు కాస్తున్న పెద్దాయన నవ్వాడు. "యాడికి పోతాండావప్పా? దాన్ని భుజానేసుకో!" తన నీళ్లే ఇచ్చాడు. తాగి, "మీ చేనెక్కడ పెద్దయ్యా?" అన్నాను.

నా ముందు చక్రం వైపు చూపించాడు. "దీని కిందే ఉండాది. పోయినేడు గట్టు కనపడ్తాండె."

గబుక్కున సైకిలెత్తి పక్కకి జరిగాను.

"ఆ పక్కా మాదేలే," అన్నాడు.