వక్తలెవరు?

స్త్రీల సదస్సు అనగానే ముందు ఆహ్వానపత్రం అచ్చవుతుంది. అంశాలూ, వక్తల పేర్లూ అప్పటికే ఖరారై ఉంటాయి. ఈసారి మా జిల్లా సదస్సుకి ముందు వాడలకి వెళ్ళి అడగాలనుకున్నాం.

మేం రాసుకెళ్ళిన "అసంఘటిత రంగంలో స్త్రీలు" అన్న మాట ఎవరి నోటా రాలేదు. "బాగ లేవని పక్కకు దీసిన బీడీలకు పైసలియ్యరు. అవి గూడ అమ్ముకుంటరు. గీ ముచ్చట మాట్లాడుండ్రి" అంది బీడీలు చుట్టే ఒకామె. ఎవరు మాట్లాడాలంటే పక్కామెను చూపించింది. "సేటుతోని కొట్లాడింది గీమెనే."

ఇంకొకామె అంశం చెప్పలేదు, వేళ చెప్పింది. "పొద్దుగాల పెడితే ఎవరొస్తరు? పిల్లల నెవరు జూస్తరు?" అదీ రాసుకున్నాం.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళే సారా మాట ఎత్తారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. వాళ్ళకి అంశం ఇచ్చిందెవరు? వాళ్ళ బతుకే.

కమిటీలో కొందరు మిత్రులు సందేహించారు: "ఆమె గంటసేపు ప్రసంగించగలదా?" పది నిమిషాలు చాలు. మొదటి సమావేశం ఆమెదే. కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాది విని, తర్వాత మాట్లాడతారు.

ఒక్కటే తేలలేదు. పట్నం నుంచి వచ్చే వక్తకి దారిఖర్చు ఇస్తాం కదా, బీడీలు మానుకుని వచ్చే వక్తకి ఆ రోజు కూలి ఏ పద్దులో రాయాలి? నేనైతే మొదటి పద్దులోనే రాయమంటాను.