ఒక కంప్యూటర్, నలుగురి ఫైళ్లు

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటాది. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడే వాళ్లకి పనికొస్తాదని రాస్తున్నాం.

పొందూరులో మేము ఉండే ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. అది మొరాయిస్తే షాపులో ఇచ్చాం, విండోస్ కొత్తగా వేసి ఇచ్చారు. 'డి' డ్రైవ్ అంతా అలాగే ఉంది గానీ, 'మామ్మ' అనే ఫోల్డర్ నొక్కితే అనుమతి లేదంటోంది. మామ్మ సవరలో చెప్పిన కథలు, పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. మామ్మ ఇప్పుడు లేదు. గిడుగు రామమూర్తి గారు 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు, నిజమే. మా మామ్మ గొంతు మాత్రం ఆ ఫోల్డర్‌లో తప్ప ఎక్కడా లేదు.

ఎవరూ పొరపాటున చెరపకూడదని అన్నయ్య దాన్ని తన ఖాతాకే తెరుచుకునేలా పెట్టాడు. కొత్త విండోస్‌లో కూడా అదే పేరుతో ఖాతా ఉంది కదా, ఎందుకు తెరవదు? విండోస్ మన పేరు చూడదు. ప్రతి ఖాతాకి ఒక పెద్ద నంబరు ఇస్తుంది, దాన్నే చూస్తుంది. కొత్త ఖాతాకి కొత్త నంబరు. అంటే ఆ ఫోల్డర్ లెక్కలో మా అన్నయ్య పరాయివాడు!

మన ఇళ్లలో ఇది చెప్పడం సులువే. అటవీ హక్కుల చట్టం, 2006 కింద వచ్చిన పట్టా తీసి చూడండి. భూమి సాగు చేసుకోవచ్చు, పిల్లలకి వస్తుంది, కానీ అమ్మడానికి లేదు. పేరు ఎవరిది, ఏం చెయ్యొచ్చు అన్నవి రెండు వేరు ప్రశ్నలు. ఫైలుకీ అంతే. సొంతదారు ఒకరు, చదివే, రాసే అనుమతులు వేరు. సొంతదారు ఆ అనుమతులు మార్చగలడు. అడ్మిన్ ఖాతా ఉన్నవాడు సొంతదారుగానే మారిపోగలడు.

మేము చేసింది అదే. అడ్మిన్ ఖాతాతో ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. అక్కడ ఓనర్ పక్కన 'చేంజ్' నొక్కి కొత్త ఖాతా పెట్టాం. లోపలి ఫైళ్లకి కూడా వర్తించాలని టిక్ పెట్టాలి. ఆ తర్వాత చదివే అనుమతి విడిగా ఇవ్వాలి, ఓనర్ అయినంత మాత్రాన ఫైలు తెరుచుకోదు. ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం ఇదేదీ పనిచేయదు, తాళంచెవి ఉండాల్సిందే.

ఇప్పుడు నలుగురికీ నాలుగు మామూలు ఖాతాలు. అడ్మిన్ ఖాతా విడిగా ఉంది, దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అమ్మ పెట్టెలో పెట్టాం. అమ్మ కంప్యూటర్ ముట్టదు, అందుకే అమ్మకే ఇచ్చాం. అన్నయ్య పనికని విశాఖ వెళ్లినా ఇంట్లో పని ఆగదు.

చెల్లి ఫోల్డర్ చెల్లికే తెరుచుకుంటుంది. "ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికమేటి?" అని నాన్న కొంచెం గొడవ చేశాడు. కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, స్కాలర్‌షిప్ కాగితాలు తనవి, తన దగ్గరే ఉండాలన్నాం. (అడ్మిన్ తలుచుకుంటే తెరవగలడని నాన్నకి ఇంకా చెప్పలేదు.)

మామ్మ ఫోల్డర్‌ని అందరం వినొచ్చు, మార్చే అనుమతి చెల్లికే. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. మామూలు పెన్‌డ్రైవ్‌లో ఈ అనుమతులేవీ నిలవవు, ఎవరి చేతిలో పడితే వాళ్లు తెరుస్తారు. అందుకని అది కూడా అమ్మ పెట్టెలోకే వెళ్లింది.

చెల్లి ఇప్పుడు ఆ పాటలు వింటూ తెలుగు లిపిలో రాస్తోంది. సగం మాటలకి అర్థం అమ్మని అడగాల్సి వస్తోంది.